మోకాలి ఇంప్లాంట్‌లో 9,550 రూపాయల తెల్లముక్క

పంజాగుట్ట నుంచి కొండాపూర్ దాకా మోకాలి మార్పిడి హోర్డింగుల మీద కనిపించేదంతా లోహమే. బంగారు రంగు మోకాలు, టైటానియం మోకాలు, ఆక్సినియం మోకాలు. ఇంట్లో అమ్మకో నాన్నకో ఆపరేషన్ అనుకున్నాక పిల్లలు డాక్టరుగారిని అడిగేదీ ఆ లోహం పేరే. కానీ ఏళ్ల తరబడి అరిగేది దాని పక్కనున్న ప్లాస్టిక్. తొడ ఎముకకు తొడిగిన లోహపు తొడుగుకీ, కింది కాలి ఎముక మీద పరిచిన లోహపు ట్రేకీ మధ్య ఓ తెల్ల బిళ్ళ కూర్చుంటుంది. థియేటర్‌లో దాన్ని ఇన్సర్ట్ అంటారు, పొట్టిగా పాలీ అంటారు. తుంటి మార్పిడిలో అదే ప్లాస్టిక్ గిన్నె ఆకారంలో ఉంటుంది, అక్కడ దాని పేరు లైనర్. హైదరాబాద్ ఆసుపత్రుల్లో ఇప్పుడు వాడుతున్న ఈ ప్లాస్టిక్ రకాలు ఎలా ఉన్నాయి, దేనికి అదనంగా డబ్బు పెట్టవచ్చు, దేనికి అక్కర్లేదు అన్నదే ఈ సమీక్ష.

ముందు ధర. 2017 ఆగస్టు 16న కేంద్ర ప్రభుత్వ ఔషధ ధరల నియంత్రణ సంస్థ ఎన్‌పీపీఏ మోకాలి ఇంప్లాంట్లకు గరిష్ఠ ధరలు కట్టింది. కోబాల్ట్ క్రోమియం పూర్తి సెట్‌కు జీఎస్టీ కాక 54,720 రూపాయలు. అందులో తొడ ఎముక తొడుగుకు 24,090, ట్రేకు 16,990, మోకాలి చిప్ప వెనక పెట్టే గుండీకి 4,090, మన ఇన్సర్ట్‌కు 9,550. అంటే మొత్తంలో ఆరో వంతు. టైటానియం, ఆక్సిడైజ్డ్ జిర్కోనియం లాంటి ప్రత్యేక లోహాల సెట్‌కు 76,600. ఇన్సర్ట్‌కు మాత్రం ఏ పేరు పెట్టినా అదే గరిష్ఠ ధర. ఆ తర్వాత ఉత్తర్వులు మారుతూ వచ్చాయి కాబట్టి బిల్లు పోల్చుకోవాలంటే ఎన్‌పీపీఏ వెబ్‌సైట్‌లో తాజా పట్టిక చూడాలి. ధరల నిష్పత్తి చూస్తే మాత్రం ఒక సంగతి తెలిసిపోతుంది. ఎక్కువ డబ్బు అడిగేది లోహం పేరు చెప్పి. ఇంప్లాంట్ ఎన్నాళ్లుంటుందో తేల్చడంలో పెద్ద వాటా ప్లాస్టిక్‌ది.

ఈ ప్లాస్టిక్ పూర్తి పేరు అల్ట్రా హై మాలిక్యులర్ వెయిట్ పాలిథిలీన్. పాల ప్యాకెట్ కవరుది కూడా ఇదే కుటుంబం. తేడా అంతా గొలుసు పొడవులో ఉంది. దీని అణుభారం 20 లక్షల నుంచి 60 లక్షల దాకా ఉంటుంది. గొలుసులు అంత పొడవుగా ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉండటంతో కరిగించినా ఇది నీళ్లలా పారదు, మైనపు ముద్దలా నిలబడుతుంది. అందుకే బకెట్లూ మగ్గులూ పోసినట్టు అచ్చులోకి ఇంజెక్ట్ చేయడం కుదరదు. పొడిని వేడి మీద గట్టిగా నొక్కి పలకలుగానో కడ్డీలుగానో చేసి, ఆ తర్వాత సీఎన్‌సీ, అంటే కంప్యూటర్ నడిపే కోత యంత్రం మీద కోస్తారు. కొందరు తయారీదారులు నేరుగా అచ్చులోనే నొక్కి తీస్తారు. ఎక్కువగా వాడే పొడి రకాలు రెండే: జీయూఆర్ 1020, జీయూఆర్ 1050. మొదటిదాని అణుభారం 35 లక్షల ప్రాంతం, రెండోది 55 నుంచి 60 లక్షలు. అమ్మేవాళ్లు ఈ రెండింటి తేడాని పెద్దదిగా చెబితే పట్టించుకోనక్కర్లేదు. ఆ పొడిని తర్వాత ఏం చేశారన్నదే ముఖ్యం.

జారుడుగుణం వేరు, మన్నిక వేరు. ఈ రెండూ ఒకటే అనుకుని దెబ్బతిన్న కథతోనే ఈ ప్లాస్టిక్ చరిత్ర మొదలైంది. ఇంగ్లండ్‌లో రైటింగ్టన్ ఆసుపత్రి సర్జన్ జాన్ చార్న్‌లీ 1950ల చివర్లో తుంటి గిన్నెకు టెఫ్లాన్ వాడాడు. మన నాన్‌స్టిక్ పెనం మీద పూత అదే. దానంత తక్కువ రాపిడి ఉన్న ప్లాస్టిక్ ఇంకోటి దొరకదు. కానీ పెనం మీద ఇనుప అట్లకాడ పెట్టి గీకితే ఏమవుతుందో ప్రతి వంటింట్లోనూ తెలుసు. తుంటిలోనూ అదే అయింది. రెండు మూడేళ్లకే గిన్నెలు అరిగిపోయాయి, రాలిన పొడి చుట్టూ ఒళ్లు గడ్డలు కట్టింది. 1962లో చార్న్‌లీ పాలిథిలీన్‌కు మారాడు. రాపిడి టెఫ్లాన్ కంటే ఎక్కువే, అరుగుదల మాత్రం ఎంతో తక్కువ. అప్పటి నుంచి ఇప్పటి దాకా అదే కుటుంబం ప్లాస్టిక్‌ను మెరుగుపరుచుకుంటూ వస్తున్నారు. కాబట్టి 'మా ఇంప్లాంట్ చాలా స్మూత్‌గా తిరుగుతుంది' అన్న మాటకు మార్కులు వేయకండి. ఎన్ని ఘన మిల్లీమీటర్లు రాలుతుందన్నదే అడగాల్సిన ప్రశ్న.

ఆ లెక్క ఓసారి వేసి చూద్దాం. తుంటిలో 28 మి.మీ. లోహపు తల, అంటే గిన్నెలో తిరిగే బంతి, పాతరకం ప్లాస్టిక్ గిన్నెలోకి ఏడాదికి 0.1 మి.మీ. చొప్పున దిగుతుందనుకుంటే, రాలే ప్లాస్టిక్ దాదాపు 62 ఘన మిల్లీమీటర్లు. చూడ్డానికి ఐదారు బియ్యపు గింజలంత. అదంతా అర మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రేణువులుగా రాలితే లక్ష కోట్లకు దగ్గర. ఒక కాలు ఏడాదికి సుమారు 10 లక్షల అడుగులు వేస్తుంది కాబట్టి అడుగుకి తొమ్మిది లక్షల రేణువులు పైమాటే. 0.1 నుంచి 1 మైక్రాన్ మధ్య ఉన్న రేణువులతోనే అసలు చిక్కు. ఆ సైజు వాటిని రక్షక కణాలు మింగుతాయి, జీర్ణం చేసుకోలేవు, వాపు సంకేతాలు పంపుతాయి. ఆ సంకేతాలకు ఎముకను తినే కణాలు లేస్తాయి. ఇంప్లాంట్ చుట్టూ ఎముక గుల్లబారుతుంది, చివరకు పట్టు వదులవుతుంది. ప్లాస్టిక్ ఇంకా సగం మిగిలి ఉండగానే ఇంప్లాంట్ కదలొచ్చు. ఏడాదికి 0.05 మి.మీ. లోపు అరుగుదల ఉన్న తుంటుల్లో ఇలా ఎముక తినడం అరుదుగా కనిపిస్తుంది. అందుకే ఆ అంకె ఈ రంగంలో ఓ గీతలా నిలిచిపోయింది.

ప్లాస్టిక్ ఎందుకు అరుగుతుందన్నది ఇంకాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే ఏ రకం కొనాలన్నది అక్కడే తేలుతుంది. కిరాణా షాపులో పార్సిల్ కట్టే ప్లాస్టిక్ సుతిలి తీసుకోండి. పొడవునా లాగితే చేతులు కోసుకుపోతాయి గానీ తెగదు. అదే గోటితో అడ్డంగా గిచ్చితే నిలువునా పీచుల్లా చీలిపోతుంది. లాగిన దిక్కులో గొలుసులన్నీ వరస కట్టాయి. ఆ దిక్కులో బలం పెరిగింది, అడ్డంగా పట్టు పోయింది. ఇంప్లాంట్‌లోని ప్లాస్టిక్ పై పొరకు జరిగేదీ ఇదే. లోహం ఒకే దిక్కులో ముందుకీ వెనక్కీ జరిగితే పై పొరలో గొలుసులు ఆ దిక్కుకే వరస కట్టి గట్టిపడతాయి, అరుగుదల నామమాత్రం. అడ్డంగా కూడా కదిలితే వరస కట్టిన పీచులు పక్కకు చీలి రాలిపోతాయి. తుంటి ప్రతి అడుగులోనూ అన్ని దిక్కులా తిరుగుతుంది. మోకాలు ప్రధానంగా ముడుచుకుని చాచుకుంటుంది, కొద్దిగా మెలి తిరుగుతుంది. పాతకాలపు యంత్రాల మీద ప్లాస్టిక్ పిన్నును ఒకే గీత మీద రుద్ది 'అసలు అరగడమే లేదు' అని మురిసిపోయిన ఫలితాలు ఒంట్లో తలకిందులు కావడానికి కారణం ఇది. కంపెనీ బ్రోచర్‌లో అరుగుదల గ్రాఫ్ ఉంటే అది తుంటికి ఐఎస్‌ఓ 14242, మోకాలికి ఐఎస్‌ఓ 14243 ప్రకారం సిమ్యులేటర్ మీద, అంటే కీలు కదలికను అనుకరించే యంత్రం మీద చేసిందో కాదో చూడండి. ఉత్త పిన్ పరీక్షైతే తొందరపడకండి.

ఆ సిమ్యులేటర్ పరీక్ష తీరు తెలిస్తే బ్రోచర్ చదవడం తేలిక. సెకనుకు ఒక అడుగు చొప్పున 50 లక్షల అడుగులు. యంత్రం ఒక్క క్షణం ఆగకపోయినా 58 రోజులు పడుతుంది. మధ్యమధ్యలో ఆపి ముక్కను కడిగి, ఆరబెట్టి, తూచి మళ్లీ ఎక్కించాలి కాబట్టి ఇంకా ఎక్కువ. నీళ్లలో కాక దూడ సీరం కలిపిన ద్రవంలో నడపాలి. నీళ్లలో నడిపితే ప్లాస్టిక్ పలచటి పొరగా లోహానికి అంటుకుని తనను తానే కాపాడుకుంటుంది, అరుగుదల అబద్ధంగా కనిపిస్తుంది. ఒంట్లో ప్రోటీన్లు ఆ పొర కట్టనివ్వవు. ఇంకో చిక్కు ఉంది. ప్లాస్టిక్ నెమ్మదిగా ద్రవం పీల్చుకుని బరువెక్కుతుంది. కొత్తరకం ప్లాస్టిక్‌లో అరిగిన బరువు కంటే పీల్చిన బరువే ఎక్కువై, తూకంలో ముక్క పెరిగినట్టు కూడా రావచ్చు. అందుకని కదలకుండా అదే ద్రవంలో నానబెట్టిన జత ముక్కను కూడా తూచి, ఆ తేడా తీసేయాలి. 'సున్నా అరుగుదల' అని రాసిన చోట నానబెట్టిన ముక్క సంగతి రాశారా అని వెతకండి.

ఇక రకాల వారీగా మా తీర్పు.

పాతరకం, అంటే మామూలు పాలిథిలీన్. దీనికి చెడ్డపేరు తెచ్చింది ప్లాస్టిక్ కంటే దాన్ని స్టెరిలైజ్ చేసిన పద్ధతి. 1990ల మధ్య దాకా గాలి ఉన్న ప్యాకెట్‌లోనే 25 నుంచి 40 కిలోగ్రే (కిరణాల మోతాదుకు కొలమానం) గామా కిరణాలు కొట్టేవారు. కిరణాలు గొలుసులను తెంపుతాయి, తెగిన కొసలు గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుంటాయి, ప్లాస్టిక్ లోపల్లోపల పెళుసెక్కుతుంది. ప్యాకెట్ అరలో కూర్చున్న ఏళ్లలోనే ఈ పని సాగిపోయేది. అలా పాతబడ్డ ఇన్సర్ట్‌ను అడ్డంగా పలచగా కోసి వెలుతురుకు పెడితే, పైనుంచి మిల్లీమీటరు లోతున తెల్లటి గీత ఒకటి కనిపిస్తుంది. ఉపరితలం బాగానే ఉంటుంది, దాని కింద సుద్దలాంటి పొర. మోకాలి బరువు సరిగ్గా ఆ లోతునే ఎక్కువ కోత పెడుతుంది. ఫలితం: గోడ పెచ్చులూడినట్టు ప్లాస్టిక్ పొరలు పొరలుగా లేచిపోవడం. ఇప్పుడు నైట్రోజన్, ఆర్గాన్ లాంటి జడవాయువు నింపిన ఫాయిల్ ప్యాకెట్‌లో కిరణాలు కొడుతున్నారు, లేదా ఇథిలీన్ ఆక్సైడ్, గ్యాస్ ప్లాస్మా వాడుతున్నారు. ఈ జాగ్రత్తతో వచ్చిన మామూలు పాలిథిలీన్ మోకాలికి ఇప్పటికీ మంచి సరుకే. 65 దాటి, ఇంటి చుట్టుపక్కల నడక, గుడి, మార్కెట్, మనవళ్లు అన్న జీవితానికి ఇది సరిపోతుంది. మోకాలికి పదిలో ఏడున్నర వేస్తాం. తుంటికి మాత్రం నాలుగు దాటదు, ఎందుకంటే అక్కడ దీన్ని తేలిగ్గా మించినది ఉంది.

ఆ మించినది హైలీ క్రాస్‌లింక్డ్ పాలిథిలీన్. 1990ల చివర్లో వచ్చింది. 50 నుంచి 100 కిలోగ్రే కిరణాలు కొట్టి గొలుసుల మధ్య అడ్డముళ్లు వేస్తారు. సుతిలి పీచులను అడ్డంగా కూడా కుట్టేస్తే పక్కకు చీలవు కదా, అంతే సూత్రం. ముళ్లు పడని తెగిన కొసలు లోపల మిగిలిపోతాయి, వాటిని వదిలించుకోవాలి. ఇక్కడ మూడు దారులు. కరిగే వేడి, అంటే సుమారు 137 డిగ్రీలు దాటించి మళ్లీ చల్లార్చడం ఒకటి. కొసలు మాయమవుతాయి కానీ స్ఫటికాలు తగ్గి ప్లాస్టిక్ బలం కొంత పోతుంది. కరిగే వేడికి కాస్త దిగువనే ఆపి కాల్చడం రెండోది. బలం నిలుస్తుంది, కొన్ని కొసలు మిగులుతాయి. దీన్నే 30 కిలోగ్రే చొప్పున మూడు విడతలుగా కొట్టి, ప్రతి విడత తర్వాతా వేడి చేసే పద్ధతి ఎక్స్‌త్రీ పేరుతో వస్తోంది. మూడోది విటమిన్ ఇ. మన ఒంట్లో చేసే పనే అక్కడా చేస్తుంది, తెగిన కొసలు ఆక్సిజన్‌ను పట్టుకోకుండా తాను అడ్డుపడుతుంది. పొడిలోనే ముందుగా కలిపితే ముళ్లు పడటానికి కూడా అడ్డం వస్తుంది కాబట్టి కిరణాల మోతాదు ఎక్కువ కావాలి. కిరణాలు కొట్టాక ఇంకిస్తే ఆ బాధ లేదు. విటమిన్ ఇ ఇన్సర్ట్‌ను పాతదాని పక్కన పెడితే పాల తెలుపుకు బదులు లేత పసుపు రంగు తెలుస్తుంది. ఆ పసుపు పాడైందనడానికి గుర్తు కాదు.

తుంటికైతే క్రాస్‌లింక్డ్ తప్ప ఇంకేదీ ఒప్పుకోవద్దని గట్టిగా చెబుతాం. ఆస్ట్రేలియా జాతీయ కీళ్ల మార్పిడి రిజిస్ట్రీ దీర్ఘకాల లెక్కల్లో పాతరకంతో పోలిస్తే మళ్లీ ఆపరేషన్ పడటం దాదాపు సగానికి తగ్గింది. పది ఏళ్ల పైమాట, వేల మంది రోగులు, ఇంతకంటే గట్టి రుజువు ఈ రంగంలో అరుదు. పదికి తొమ్మిదిన్నర. దీని పుణ్యమే ఇంకోటి ఉంది. అదే లోతు అరిగినా తల పెద్దదైన కొద్దీ రాలే ప్లాస్టిక్ ఎక్కువ. ఏడాదికి 0.1 మి.మీ. చొప్పున 28 తలకు 62 ఘన మి.మీ. అయితే 32 తలకు 80, 36 తలకు 102. పాతరకంతో పెద్ద తలలు పెట్టడానికి జంకేవారు. క్రాస్‌లింక్డ్ రాకతో 32, 36 తలలు మామూలైపోయాయి, తల పెద్దదైతే కీలు జారిపోయే భయం తగ్గుతుంది. గిన్నె అంచు దగ్గర ప్లాస్టిక్ మరీ పలచన కాకుండా చూసుకోవాలి, అంతే.

మోకాలికి వచ్చేసరికి మా గొంతు కాస్త తగ్గుతుంది. ఇక్కడ తల గిన్నెలో ఒదిగి కూర్చోదు. గుండ్రటి లోహం దాదాపు చదునైన ప్లాస్టిక్ మీద తక్కువ చోట ఆనుతుంది, కాబట్టి చోటుకి పడే ఒత్తిడి ఎక్కువ. లోపల కొలిచే పరికరాలు పెట్టిన ఇంప్లాంట్లలో తేలింది: సమతలంలో నడిస్తే ఒంటి బరువుకు 2.6 రెట్లు, మెట్లు దిగితే 3.5 రెట్ల దాకా మోకాలి మీద పడుతుంది. 70 కిలోల మనిషికి మెట్లు దిగేటప్పుడు దాదాపు 245 కిలోలు. అంత బరువు కింద చీలిక పుట్టి పాకకుండా ఆపే మొండితనం ప్లాస్టిక్‌కు ఉండాలి. కరిగించి చేసిన క్రాస్‌లింక్డ్‌లో తగ్గేది అదే గుణం. ఇంకా పీఎస్ (పోస్టీరియర్ స్టెబిలైజ్డ్) రకం ఇన్సర్ట్‌లో మధ్యన నిలువుగా ఒక పోస్ట్ ఉంటుంది, కోసేసిన లిగమెంట్ పని అది చేస్తుంది. కాలు నిటారును దాటి అతిగా చాచుకున్నా, లోతుగా ముడిచినా లోహం ఆ పోస్ట్‌ను కొడుతుంది. బలం తగ్గిన ప్లాస్టిక్ పోస్ట్ విరిగిన సందర్భాలు ఉన్నాయి. మోకాలిలో క్రాస్‌లింక్డ్ లాభం ఉంది గానీ తుంటిలో ఉన్నంత తేటగా లేదు. వయసు 60 లోపు, బరువు ఎక్కువ, రోజూ ఎక్కువ నడిచే మనిషైతే బలం పోని రకాన్ని, అంటే విడతల పద్ధతిదో విటమిన్ ఇదో తీసుకోవడం సబబు. ఎనిమిది మార్కులు. దీనికోసం లక్ష రూపాయల 'ప్యాకేజీ అప్‌గ్రేడ్' అంటే మాత్రం ఒప్పుకోవద్దు. ఇన్సర్ట్ గరిష్ఠ ధర ఎంతో పైన చెప్పాం.

బంగారు మోకాలు. ఆ రంగు బంగారం వల్ల రాలేదు, టైటానియం నైట్రైడ్ పూత వల్ల వచ్చింది. మందం కొన్ని మైక్రాన్లు. గట్టిగా ఉంటుంది, కింది లోహం నుంచి నికెల్, కోబాల్ట్ అయాన్లు బయటికి రావడం తగ్గిస్తుంది. గిల్టు నగ పెట్టుకుంటే చర్మం దద్దుర్లెక్కే మనిషి ఆ సంగతి డాక్టరుగారికి చెప్పాలి, అలాంటివారికి ఈ పూత ఆలోచించదగ్గదే. మిగతావాళ్లకు 'ముప్ఫై ఏళ్లు గ్యారంటీ' అని అమ్మడం తప్పు. దాని కింద ఉండే ప్లాస్టిక్ మామూలుదే అయితే అరుగుదల కథ కూడా మామూలుదే. ఆక్సినియం వేరు సంగతి. 2.5 శాతం నయోబియం కలిసిన జిర్కోనియం లోహాన్ని వేడి గాలిలో కాల్చితే పైన 5 మైక్రాన్ల నల్లటి సెరామిక్ పొర లోహంలోంచే పుడుతుంది, పైనుంచి పూసింది కాదు. గీతలు పడటం తక్కువ, నికెల్ బాధ దాదాపు లేదు. మంచి సరుకే, అయితే సగటు రోగికి ఆ ధర తేడా తిరిగొస్తుందని చెప్పలేం.

టైటానియం గురించి హైదరాబాద్‌కు వేరే చెప్పక్కర్లేదు, కంచన్‌బాగ్‌లో రక్షణ లోహ పరిశోధనాశాల డీఎంఆర్‌ఎల్, ప్రభుత్వ లోహ సంస్థ మిధాని ఆ లోహంతో దశాబ్దాలుగా పనిచేస్తున్నాయి. తేలిక, బలం, ఎముకతో చక్కగా కలిసిపోయే గుణం అన్నీ ఉన్నాయి. రుద్దుకునే పనికి మాత్రం మెత్తన. పూత లేని టైటానియం ప్లాస్టిక్ మీద తిరిగితే గీతలు పడి, ఆ గీతలు ప్లాస్టిక్‌ను కొరికి, నల్లటి పొడి రాలుతుంది. అందుకే 'టైటానియం మోకాలు' అన్నప్పుడు ఏ ముక్క టైటానియం అని అడగండి. కింది ట్రే అయితే మంచిదే. పైన తిరిగే తొడుగైతే దాని మీద ఏ పూత ఉందో చెప్పాలి.

ఏ లోహమైనా దాని నునుపే ప్లాస్టిక్‌కు శ్రీరామరక్ష. తుంటి తల లోహానికి ప్రమాణం 0.05 మైక్రాన్ల గరుకుకు మించకూడదంటుంది. దాన్ని పాడుచేసే దొంగ, ఇంప్లాంట్‌ను ఎముకకు అతికించే ఎముక సిమెంట్. ఎక్స్‌రేలో కనిపించడం కోసం సిమెంట్‌లో బేరియం సల్ఫేటో జిర్కోనియం డయాక్సైడో కలుపుతారు, రెండోది చాలా గట్టి పదార్థం. గట్టిపడ్డ సిమెంట్ రవ్వ ఒకటి మధ్యలో చిక్కిందంటే ప్లాస్టిక్‌లో గుచ్చుకుని కూర్చుని లోహాన్ని గీస్తుంది. గీత లోతు కంటే గీతకు రెండు పక్కలా లేచిన గట్టు ఎక్కువ హాని చేస్తుంది. దుక్కిలో నాగలి చాలుకు రెండు పక్కలా మట్టి లేచినట్టు లేస్తుంది, అది ప్రతి అడుగులోనూ ప్లాస్టిక్‌ను దున్నుతుంది. మళ్లీ ఆపరేషన్ చేసి తీసిన ఇన్సర్ట్‌ను దీపం కింద ఏటవాలుగా తిప్పి చూస్తే అంతా చదవొచ్చు. కొత్తలో ఉన్న కోత గీతలు, అంటే సీఎన్‌సీ వదిలిన సన్న చారలు, లోహం ఆనిన చోట మాయమై అద్దంలా మెరుస్తుంది. దాని మీద అడ్డదిడ్డంగా గీతలు, చిన్న చిన్న గుంటలు, అక్కడక్కడ గుచ్చుకున్న సిమెంట్ రవ్వలు. ఒక పక్కే ఎక్కువ మెరిస్తే కాలు వంకరగా కూర్చుందని అర్థం.

అందువల్ల సర్జన్ చేతి శుభ్రత ఈ ఉత్పత్తిలో భాగమే. మంచి థియేటర్‌లో పద్ధతి ఇలా ఉంటుంది. ముందు ట్రయల్ ఇన్సర్ట్‌లు వేసి, కాలు చాచి, ముడిచి, పక్కలకు ఊపి చూసి మందం ఎంచుతారు. సిమెంట్ గట్టిపడ్డాక తొడుగు వెనక పక్క, కంటికి కనిపించని చోట కూడా వేలితో తడిమి రవ్వలు తీసి, పల్స్ లావేజ్‌తో, అంటే ఆగి ఆగి జోరుగా కొట్టే నీటి ధారతో కడుగుతారు. ట్రే గాడిలో సిమెంట్, కొవ్వు, రక్తపు గడ్డ ఏదీ లేకుండా తుడుస్తారు. ఇన్సర్ట్ వెనక కొసను ముందు గాడిలోకి పంపి, తర్వాత ముందు పక్క నొక్కి, క్లిక్ అని కూర్చున్నాక అంచు చుట్టూ సందు ఉందేమో చూస్తారు. గాడిలో ఆవగింజంత సిమెంట్ ఉన్నా ఇన్సర్ట్ పూర్తిగా దిగదు, రోజూ సన్నగా కదులుతుంది, అడుగు పక్క నుంచి పొడి రాలుతుంది. వెనకవైపు అరుగుదల అంటే అదే. ట్రే పై భాగం నునుపుగా పాలిష్ చేసి, లాక్ గట్టిగా ఉన్న డిజైన్లకు మేం ఎక్కువ మార్కులు వేయడానికి కారణం ఇది. ఒకసారి బిగించి ఊడదీసిన ఇన్సర్ట్‌ను మళ్లీ వాడకూడదు, లాక్ పెదవి నలిగి ఉంటుంది. కొత్తది తెరవాలి.

మందం విషయంలో ఒక్క మాట. ప్లాస్టిక్ 8 మి.మీ. కంటే సన్నబడితే లోపలి ఒత్తిడి త్వరగా పెరుగుతుంది. ప్యాకెట్ మీద 10 అని ఉంటే కొన్ని కంపెనీల్లో అది ట్రే లోహంతో కలిపిన లెక్క, అసలు ప్లాస్టిక్ అంతకంటే తక్కువ. ఎముక తక్కువ కోసి గర్వపడి సన్న ఇన్సర్ట్ పెట్టడం కంటే, ఇంకాస్త చోటు చేసి సరైన మందం పెట్టడమే మేలు.

ఎవరూ ప్రకటించని సరుకు ఒకటుంది: మొత్తం ప్లాస్టిక్‌తోనే చేసిన కింది ముక్క, ఆల్ పాలీ టిబియా. లోహపు ట్రే ఉండదు, నేరుగా ఎముకకు సిమెంట్ పెడతారు. లాక్ లేదు కాబట్టి వెనకవైపు అరుగుదలే లేదు, ట్రే మందం మిగిలిపోతుంది కాబట్టి ప్లాస్టిక్ మందంగా వస్తుంది, ధరా తక్కువ. కష్టం సర్జన్‌కు: ఒకసారి సిమెంట్ పట్టాక మందం మార్చలేరు, వెనక సిమెంట్ తీయడం ఇరుకు. రేపు ప్లాస్టిక్ అరిగితే అది ఒక్కటే మార్చడం కుదరదు. 75 దాటినవారికి, ఎముక బాగున్నవారికి ఇది ఎంతో మంచి ఎంపిక, ఎనిమిదిన్నర వేస్తాం. హైదరాబాద్‌లో అడిగితే తప్ప దీని పేరు వినిపించదు, అది బాధ కలిగించే విషయం.

కింద కూర్చోవడం గురించి అందరూ అడుగుతారు. నమాజుకు, పూజకు, దేశీ టాయిలెట్‌కు కాలు లోతుగా ముడవాలి. హై ఫ్లెక్స్ డిజైన్‌లో తొడుగు వెనక భాగాన్ని పెంచి, లోతుగా ముడిచినప్పుడు కూడా లోహం అంచు మీద కాకుండా గుండ్రటి భాగం మీదే ఆనేలా చేస్తారు. 2017 ధరల్లో దాని సెట్ 56,490, మామూలుదానికి 1,770 మాత్రమే ఎక్కువ. అయినా ముడుచుకునే గుణం ఎక్కువగా ఆపరేషన్‌కు ముందు కాలు ఎంత ముడిచేదో దాని మీద ఆధారపడుతుంది. ఎప్పుడో ఒకసారి కూర్చుంటే ప్లాస్టిక్ తట్టుకుంటుంది. రోజూ గంటలు గొంతుక్కూర్చుంటే ఇన్సర్ట్ వెనక అంచు మీదా, పోస్ట్ మీదా పడే బరువు వేరే లెక్క. కుర్చీ వేసుకుని నమాజు చేయడం, కమోడ్‌కు మారడం ప్లాస్టిక్‌కు చేసే అతి చవకైన మేలు.

ఇక చీటీ. హైదరాబాద్‌లో చాలా ఆసుపత్రులకు ఇంప్లాంట్ పెట్టెలు ముందురోజు సాయంత్రం డిస్ట్రిబ్యూటర్ దగ్గర్నుంచి అన్ని సైజుల్లో వస్తాయి. తెరిచినవే బిల్లులోకి వెళ్తాయి. ప్రతి ముక్క ప్యాకెట్‌లోనూ అంటించే చీటీలు ఉంటాయి, ఒకటి కేస్ షీట్‌లో అంటిస్తారు. దాని నకలు అడగడం మీ హక్కు. బిల్లులో కూడా బ్రాండు, తయారీదారు, బ్యాచ్ నంబరు విడిగా రాయాలని ఎన్‌పీపీఏ ఉత్తర్వు చెప్పింది. ఇన్సర్ట్ చీటీ మీద చూడాల్సినవి: మోడల్ నంబరు, లాట్ నంబరు, సైజు, మందం, ఇసుక గడియారం బొమ్మ పక్కన గడువు తేదీ, ఫ్యాక్టరీ బొమ్మ పక్కన తయారీ తేదీ. స్టెరైల్ ఆర్ అని ఉంటే కిరణాలతో, స్టెరైల్ ఈఓ అని ఉంటే ఇథిలీన్ ఆక్సైడ్‌తో శుద్ధి చేశారని. కరిగించి చేసిన క్రాస్‌లింక్డ్‌కు సాధారణంగా ఈఓ గానీ గ్యాస్ ప్లాస్మా గానీ వాడతారు, మళ్లీ కిరణాలు కొడితే తీసేసిన కొసలు మళ్లీ పుడతాయి. కిరణాలతో శుద్ధైన మామూలు ఇన్సర్ట్ గడువుకు నాలుగు నెలల దూరంలో ఉంటే, అదే సైజు కొత్త లాట్‌ది తెప్పించమని ముందే అడగండి. చేసేది ఫోన్ ఒక్కటే, రెండు రోజుల పని.

ఆపరేషన్ అయిన మొదటి ఏడాదిలో నిలబడి తీసిన ఎక్స్‌రేను దాచుకోండి. ప్లాస్టిక్ ఎక్స్‌రేలో కనిపించదు. తొడుగుకూ ట్రేకూ మధ్య కనిపించే ఖాళీయే దాని మందం. పడుకోబెట్టి తీస్తే ఆ ఖాళీకి అర్థం లేదు, బరువు పడాలి. తర్వాత ఏడాదికో రెండేళ్లకో అదే పద్ధతిలో తీసి పక్కపక్కన పెడితే ఖాళీ తగ్గుతోందా, ట్రే కింద ఎముకలో నల్లటి మచ్చ పుట్టిందా తెలుస్తుంది. ఎముక తినడం నొప్పి లేకుండా సాగుతుంది కాబట్టి 'నాకేం బాధ లేదు' అని మానేయకూడదు. పదేళ్ల తర్వాత కారణం లేకుండా మోకాలు నీరు పట్టి ఉబ్బినా, టకటక శబ్దం కొత్తగా వచ్చినా, పక్కకు జారుతున్నట్టున్నా అదే నెలలో చూపించాలి. ఆ దశలో ట్రే గట్టిగా ఉండి, లాక్ చెడకపోతే ఇన్సర్ట్ ఒక్కటే మార్చి బయటపడొచ్చు, ఎముక కోసే పని ఉండదు. అందుకు అదే మోడల్‌కు సరిపోయే ఇన్సర్ట్ దొరకాలి. చీటీ లేకపోతే ఏ మోడలో ఎక్స్‌రే చూసి ఊహించాల్సి వస్తుంది, సరిపోయేది దొరక్కపోతే గట్టిగా ఉన్న ట్రేను కూడా పీకాలి. చీటీ ఫోటో ఒకటి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో, ఒక నకలు ఎక్స్‌రే కవరులో పెట్టండి.